డిసెంబర్ 1 ర్యాలీ అయిపోయాక: హెచ్‌ఐవీ సామాజిక పరిశోధనలోకి డిగ్రీ విద్యార్థుల దారి

1985 చివర్లో మద్రాస్ మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు థీసిస్ టాపిక్ కావాల్సి వచ్చింది. మన దేశంలో ఎయిడ్స్ ఉందో లేదో రక్తపరీక్షలు చేసి చూడమని ప్రొఫెసర్ సునీతి సోలమన్ సూచించారు. అమెరికాలో ఆ జబ్బు బయటపడి అప్పటికి నాలుగేళ్లు దాటింది. మన పత్రికలు మాత్రం దాన్ని పాశ్చాత్య దేశాల జబ్బు అనే రాస్తున్నాయి. నిర్మలకు 32 ఏళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు. సంప్రదాయ కుటుంబం, చిన్న ఊరి పెంపకం. సెక్స్‌వర్కర్ల దగ్గరికి వెళ్లి రక్తం సేకరించాలనేసరికి ముందు వెనకాడారు. సోలమన్ వదిలిపెట్టలేదు. ఇంట్లో భర్త కూడా ధైర్యం చెప్పారు.

బొంబాయిలో లాగా మద్రాసులో ఫలానా పేట అని చూపించడానికి ఏమీ లేదు. నిర్మల జనరల్ హాస్పిటల్‌కు వెళ్లి, సుఖవ్యాధుల చికిత్సకు వచ్చే స్త్రీలతో పరిచయం పెంచుకున్నారు. ఒకరి ద్వారా మరొకరు తెలిశారు. పోలీసులు పట్టుకున్న స్త్రీలను ఉంచే విజిలెన్స్ హోమ్ సంగతి అలాగే తెలిసింది. భర్త స్కూటర్ మీద దింపితే రోజూ అక్కడికి వెళ్లేవారు. చేతికి గ్లవ్స్ లేవు. శాంపిళ్లు దాచడానికి సరైన చోటు లేక ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. 80 దాకా పోగయ్యాక 1986 ఫిబ్రవరిలో రైలెక్కి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. ఆరు శాంపిళ్లు పాజిటివ్ వచ్చాయి. భారతదేశంలో హెచ్‌ఐవీ బయటపడింది అలా.

దీన్ని ఎప్పుడూ ల్యాబ్ కథగానే చెబుతుంటారు. కానీ అందులో కష్టమైన సగం ల్యాబ్ బయటే జరిగింది. ఎవరిని వెతకాలి, వాళ్లు ఎక్కడుంటారు, ముక్కూమొహం తెలియని మనిషికి వాళ్లు చేయి ఎందుకు చాపుతారు? ఈ ప్రశ్నలకు మైక్రోస్కోపులో జవాబు దొరకదు. భయపడుతున్న విద్యార్థిని ఆ పనికి సిద్ధం చేసి, మధ్యలో వదిలేయకుండా నడిపించిన ప్రొఫెసర్ లేకపోతే ఆ 80 శాంపిళ్లు ఉండేవి కావు. ఈ కథకు ఇంకో కొస కూడా ఉంది. 1987లో థీసిస్ పూర్తయ్యాక నిర్మల చెన్నై కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వ్యాక్సిన్ల తయారీ విభాగంలో చేరారు, 2010లో రిటైరయ్యారు. సోలమన్ 1993లో వైఆర్‌జీ కేర్ అనే హెచ్‌ఐవీ సేవా సంస్థను స్థాపించి చివరిదాకా హెచ్‌ఐవీ రంగంలోనే పనిచేశారు. శిష్యురాలి ఉద్యోగ జీవితం వేరే దారిలో సాగింది. మొదటి తలుపు తెరుచుకున్నా రెండో తలుపు కనిపించకపోవడం అనే ఈ సమస్య నలభై ఏళ్ల తర్వాత మన డిగ్రీ కాలేజీల విషయంలోనూ అలాగే ఉంది.

ఇప్పటి పరిస్థితి చూస్తే సామాజిక పరిశోధన ఎందుకు కావాలో తెలుస్తుంది. మందులు ఉన్నాయి. ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి సీడీ4 కౌంట్ (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు మొదలుపెడుతోంది. మూడు మెట్లలోనూ 95 శాతం చేరాలన్నది లక్ష్యం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023-24 లెక్కల్లో ఆ మూడు మెట్లు 81, 88, 97. అంటే హెచ్‌ఐవీ ఉన్న ప్రతి వంద మందిలో 81 మందికే తమకు ఉందని తెలుసు. తెలిసినవాళ్లలో 88 శాతం మందులు వాడుతున్నారు. వాడుతున్నవాళ్లలో 97 శాతం మందికి వైరస్ అదుపులో ఉంది. మందు తన పని తాను చేస్తోందని చివరి అంకె చెబుతోంది. వెనకబడింది మొదటి మెట్టు, అది మనుషులకు సంబంధించినది. టెస్టుకు ఎందుకు రారు? ఐసీటీసీ (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) ఉన్న ఆసుపత్రిలో ఎవరైనా చూస్తారని భయమా? రోజు కూలి పోతుందనా? పాజిటివ్ అని తెలిస్తే ఇంట్లో ఏమవుతుందోననా? తెలుసుకున్న వంద మందిలో ఆ 12 మంది మందుల దాకా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలు డాక్టర్ కంటే సోషియాలజీ, సైకాలజీ, సోషల్ వర్క్ చదివినవాళ్లకు దగ్గరివి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాలే. వయోజనుల్లో జాతీయ సగటు 0.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు మూడు రెట్లు, తెలంగాణలో రెండు రెట్లకు పైన. పరిశోధనకు మన నేల కొత్తేమీ కాదు. గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. రాజమండ్రిలో సెక్స్‌వర్కర్లతో కలిసి పరివర్తన్ పేరుతో, అమెరికాలోని యేల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన కిమ్ బ్లాంకెన్‌షిప్ బృందం ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. కండోమ్ వాడకం కేవలం అవగాహనతో తేలే విషయం కాదని ఆ పని చూపించింది. తన పని పరిస్థితుల మీద ఆమెకు ఎంత పట్టుంది, అప్పు ఎంతుంది, తోటి స్త్రీలతో సంఘంగా ఉందా, పోలీసులతో వ్యవహారం ఎలా ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. ప్రపంచమంతా చదివిన ఆ పేపర్ల వెనుక గోదావరి ఒడ్డున తెలుగులో సాగిన సంభాషణలు ఉన్నాయి. అదే గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో సోషల్ వర్క్, ఎకనామిక్స్ చదివే పిల్లల సిలబస్‌లో మాత్రం వాటి ఊసు ఉండదు.

మన విద్యార్థులకు హెచ్‌ఐవీతో ఉన్న పరిచయం ఏడాదికి ఒక్కరోజు. ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబర్ 1న కాలేజీ రెడ్ రిబ్బన్ క్లబ్ వాళ్లు, ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్లు ప్లకార్డులు పట్టుకుని కాలేజీ నుంచి సెంటర్ దాకా నడుస్తారు. క్విజ్, వ్యాసరచన పోటీ, మానవహారం, ఫొటోలు. ఇందులో తప్పేమీ లేదు, ఆ రోజుకు ఆ పని కావాల్సిందే. కానీ ప్రచారానికి ఒక హద్దు ఉంటుంది. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అన్న హోర్డింగులు 2000ల తొలి ఏళ్లలో ఊరూరా కనిపించాయి. ఆ తరం వాళ్లకు ఆ పేరు ఇప్పటికీ గుర్తే. పేరు గుర్తుండటం వేరు, విషయం సరిగ్గా తెలియడం వేరు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హెచ్‌ఐవీ గురించి సమగ్రంగా తెలిసిన స్త్రీలు దేశం మొత్తం మీద 22 శాతమే, పురుషులు 31 శాతం. ప్లకార్డు మీద రాసింది జనానికి ఎంతవరకు చేరిందో అడిగే పని కూడా విద్యార్థులకు అప్పగిస్తే, పరిశోధన అక్కడే మొదలవుతుంది.

అమెరికా ఈ విషయంలో ముందు తడబడి తర్వాత నేర్చుకుంది. అక్కడ జనాభాలో నల్లజాతివారు 12, 13 శాతం. కొత్తగా హెచ్‌ఐవీ సోకేవాళ్లలో వాళ్ల వాటా 40 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఆ సముదాయాల మీద పరిశోధన చేసేవాళ్లలో మాత్రం ఆ సముదాయాల నుంచి వచ్చినవాళ్లు తక్కువ. 2011లో ఆర్థికవేత్త డోనా గింథర్ బృందం ప్రచురించిన విశ్లేషణ, చదువు, ప్రచురణల వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా, నల్లజాతి శాస్త్రవేత్తలకు అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంటు వచ్చే అవకాశం శ్వేతజాతివారి కంటే 10 శాతం పాయింట్లు తక్కువగా ఉందని తేల్చింది. 2019లో వచ్చిన మరో విశ్లేషణ ఇంకాస్త లోతుకు వెళ్లింది. ఆ తేడాలో ఐదో వంతుకు పైగా వాళ్లు ఎంచుకున్న అంశాల వల్లే వచ్చిందట. జనసముదాయాల ఆరోగ్యం మీద పని చేస్తామన్నవాళ్లకు గ్రాంట్లు తక్కువగా వస్తున్నాయి. తమవాళ్ల సమస్య మీద పని చేయాలని వచ్చిన మనిషికి ఆ కోరికే అడ్డంకి అయింది. ఈ చేదు నిజం తెలిశాక అక్కడి హెచ్‌ఐవీ పరిశోధన కేంద్రాలు పీహెచ్‌డీ దాకా ఆగకుండా డిగ్రీ స్థాయిలోనే పిల్లల్ని వెతకడం పెంచాయి. వేసవి సెలవుల్లో స్టైపెండ్ ఇచ్చి, ఒక సీనియర్ పరిశోధకుడి దగ్గర ఉంచి, చివర్లో చేసిన పనిని ఒక పోస్టర్‌గా ప్రదర్శింపజేయడం ఈ కార్యక్రమాల్లో మామూలుగా ఉండే పద్ధతి.

స్టైపెండ్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన డిగ్రీ విద్యార్థుల్లో సెలవుల్లో క్యాటరింగ్‌కు వెళ్లేవాళ్లు, షాపులో పనిచేసేవాళ్లు, పొలానికి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. డబ్బులివ్వని ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో గడిచేవాళ్లకే అవకాశం ఇచ్చినట్టు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ నడుపుతోంది. రెండు నెలల చిన్న ప్రాజెక్ట్ చేసే విద్యార్థికి డబ్బు కూడా ఇస్తుంది. చక్కటి పథకం, కాకపోతే అది వైద్య, దంతవైద్య విద్యార్థుల కోసం. టెస్టుకు జనం ఎందుకు రారో అడగగలిగే బీఏ విద్యార్థికి అందులో చోటు లేదు. ఇది మార్చాల్సిన సంగతి. విధానం మారేదాకా కనీసం బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం ఖర్చు అయినా కాలేజీ భరించాలి.

ఇక పాఠం మొదలయ్యేది ఇంట్లోనే. ఎయిడ్స్ మీద ప్రాజెక్ట్ అని కూతురు చెప్పగానే మొదట వచ్చే ప్రశ్న, "ఆడపిల్లవి, నీకు ఆ టాపిక్ తప్ప ఇంకోటి దొరకలేదా?" సంబంధాలు చూస్తున్న ఇంట్లో అయితే టెన్షన్ ఇంకా ఎక్కువ. కళంకం దగ్గరివాళ్లకూ అంటుకుంటుందని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లోనే వివరించారు. అది కుటుంబసభ్యులకే కాదు, కౌన్సిలర్లకు, నర్సులకు, పరిశోధకులకు కూడా అంటుతుంది. మగపిల్లలకు ఇది మరో రూపంలో ఎదురవుతుంది. "వీడికే ఏదో ఉందేమో" అని హాస్టల్లో నవ్వుతారు. మంచి మెంటర్ దీన్ని విద్యార్థి సొంత సమస్యగా వదిలేయకూడదు. ముందే తల్లిదండ్రులతో మాట్లాడాలి. పని ఏమిటి, ఎక్కడ, ఎన్ని గంటలకు ఇంటికి చేరుతుంది, వెంట ఎవరుంటారు అన్నది స్పష్టంగా చెప్పాలి. లెక్చరర్ మేడమ్ ఒక్కసారి ఇంటికి వెళ్లి, "అమ్మా, నాదీ బాధ్యత" అంటే వచ్చే ధైర్యం ఏ అనుమతి పత్రంతోనూ రాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ తనిఖీ కోసం ప్రతి కాలేజీ మెంటర్-మెంటీ రిజిస్టర్ రాస్తోంది. ఆ రిజిస్టర్లో పేర్లు ఎలాగూ ఉన్నాయి, మాటలు కలవడమే మిగిలింది.

పద్ధతులు నేర్పడంలో తెలుగు విద్యార్థి దగ్గర ఎవరికీ లేని ఆస్తి ఒకటుంది. అది భాష. సర్వే ప్రశ్నలు చాలావరకు ఇంగ్లీషులో పుట్టి తెలుగులోకి వస్తాయి. 'కండోమ్ ఎంత తరచుగా వాడతారు' అన్న ప్రశ్నకు ఐదు జవాబులు పెట్టి, మొదటిదాని దగ్గర 'ఎప్పుడూ' అని రాశారనుకుందాం. తెలుగులో 'ఎప్పుడూ' ఒంటరిగా నిలబడలేదు. 'ఎప్పుడూ వాడతాను', 'ఎప్పుడూ వాడను' రెండూ సరైన వాక్యాలే. క్రియ లేకుండా ఆ మాట ఒక్కటే గడిలో పెడితే ఒకరు ప్రతిసారీ అనుకుంటారు, ఇంకొకరు ఒక్కసారి కూడా లేదనుకుంటారు. వెయ్యి మందిని అడిగి లెక్క కట్టినా, తేలే అంకె దేన్ని చెబుతోందో ఎవరికీ తెలియదు. 'ప్రతిసారీ వాడతాను', 'ఒక్కసారి కూడా వాడలేదు' అని రాస్తే ఆ గొడవ ఉండదు. ఆఫీసులో కూర్చుని అనువాదం చేసినవాళ్లకు తట్టని ఈ తేడా, తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి మొదటి చదువులోనే తగులుతుంది.

'పార్ట్‌నర్' సంగతి కూడా అంతే. 'భాగస్వామి' అంటే పల్లెలో వ్యాపారంలో వాటాదారు గుర్తొస్తాడు. 'గత నెలలో ఎంతమందిని కలిశారు?' అని మర్యాదగా అడిగితే, 'కలవడం' అంటే పలకరింపా, పడకా అన్నది వినేవాళ్ల ఊహకే వదిలేసినట్టు. 'స్టిగ్మా'కు నిఘంటువులో 'కళంకం' ఉంది, పాఠాల్లో 'వివక్ష' ఉంది. జనం నోట వినిపించేది 'చిన్నచూపు', 'దూరం పెట్టారు', 'గ్లాసు వేరు చేశారు'. జబ్బు పేరు పలకడం ఇష్టం లేనివాళ్లు 'ఆ జబ్బు', 'ఆ మందులు' అంటారు. ఈ మాటల్ని విని యథాతథంగా రాసుకోవడమే మొదటి అసైన్‌మెంట్ కావాలి. శ్రీకాకుళం పిల్లాడు ఒకలా వింటాడు, మహబూబ్‌నగర్ పిల్ల ఒకలా వింటుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే తరగతిలో గంటసేపు చర్చకు సరిపోతుంది.

వినడంలో ఏం వెతకాలో చెప్పే సిద్ధాంతం కూడా మన దేశపు అనుభవం నుంచే వచ్చింది. వేన్ స్టీవర్డ్ తదితరులు ముంబై, బెంగళూరులలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారితో మాట్లాడి 2008లో ప్రచురించిన పనిలో చిన్నచూపును నాలుగు రకాలుగా విడదీశారు. స్వయంగా ఎదుర్కొన్నది ఒకటి. ఇతరులకు జరిగిందని విన్నది ఒకటి. మన చుట్టూ ఉన్నవాళ్లంతా ఇలాగే అనుకుంటారని లోపల ఉండే నమ్మకం ఇంకొకటి. తమను తామే తక్కువగా చూసుకోవడం నాలుగోది. తమకు జరిగిన అవమానాల కంటే విన్న కథలే ఎక్కువ మందికి చేరాయి. 'ఫలానా ఊళ్లో శవాన్ని ముట్టుకోలేదట', 'ఫలానా బడిలో పిల్లాణ్ని తీసేశారట' అన్న వినికిడి చాలు, మనిషి నోరు విప్పకుండా ఉండటానికి. దాచుకోవడం వెంట దిగులు కూడా వస్తుంది. జనం హెచ్‌ఐవీ టెస్టుకు రాకపోవడానికి కారణం వెతికే విద్యార్థి, "మీకేం జరిగింది?" అనే ప్రశ్నతో పాటు "మీరేం విన్నారు?" అనే ప్రశ్న కూడా అడగాలని ఇక్కడ నేర్చుకుంటాడు.

ఇక్కడే ఒక గట్టి హద్దు గీయాలి. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థిని ఎనిమిది వారాల ప్రాజెక్ట్ పేరుతో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లకు పంపకూడదు. కాలేజీ ఐడీ కార్డు వేసుకున్న ఇద్దరు పిల్లలు వీధిలో ఒకే ఇంటి ముందు ఆగి గంటసేపు మాట్లాడితే చాలు, ఆ కుటుంబం ఇన్నేళ్లూ కాపాడుకున్న రహస్యం బయటపడుతుంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఎరుకతో ఇచ్చిన సమ్మతి లేకుండా టెస్టు చేయకూడదు, పరిశోధన చేయకూడదు, ఒకరి స్థితిని బయటపెట్టకూడదు. కానీ చట్టం ఉల్లంఘించకుండానే మనిషిని నొప్పించే మార్గాలు చాలా ఉన్నాయి. ఆత్రం ఎక్కువగా ఉన్న విద్యార్థికి ఇది మరీ మరీ చెప్పాలి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? తమ దగ్గరే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు ఒక ఊళ్లోనో వార్డులోనో పనిచేసి, సర్వే చేసి, రిపోర్టు రాయాలి. తెలంగాణలో ఎన్‌ఎస్‌ఎస్ ప్రత్యేక శిబిరాలు ఏడు రోజులు ఉంటాయి. చాలాచోట్ల ఆ రిపోర్టులు ఏడాదికేడాది ఒకేలా వస్తున్నాయి. ఆ 180 గంటల్లో ఎవరి హెచ్‌ఐవీ స్థితినీ అడగకుండా చేయగల పనులు ఎన్నో ఉన్నాయి. ఊళ్లో కండోమ్ ఎక్కడ దొరుకుతుంది, మెడికల్ షాపులో అడగడానికి కుర్రాళ్లు ఎందుకు తటపటాయిస్తారు? ఐసీటీసీకి చేరడానికి ఎన్ని బస్సులు మారాలి, బోర్డు ఎక్కడుంది, ఆ గది ముందు నిలబడితే ఎవరెవరికి కనిపిస్తారు? తమ క్లాసులో వాళ్లకే ఎంత తెలుసు?

ఈ చివరి ప్రశ్నకు ఒక చక్కని పద్ధతి ఉంది, పోలింగ్ బూత్ సర్వే. కర్ణాటకలో హెచ్‌ఐవీ పనిలో బాగా వాడారు. పది, పన్నెండు మందిని ఒక హాల్లో దూరందూరంగా, అట్టల చాటున కూర్చోబెడతారు. ప్రశ్న అందరికీ ఒకేసారి చదువుతారు. అవును అయితే ఒక పెట్టెలో, కాదు అయితే ఇంకో పెట్టెలో, వర్తించకపోతే మూడో పెట్టెలో చీటీ వేస్తారు. ఎవరి జవాబు ఏదో సర్వే చేసేవాళ్లకు కూడా తెలియదు. గుంపు మొత్తం లెక్కే తెలుస్తుంది. ముఖాముఖి అడిగితే చెప్పని విషయాలు ఈ పద్ధతిలో ఎక్కువగా బయటికి వస్తున్నాయని పోల్చిచూసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఖర్చు అట్టపెట్టెలు, రంగు చీటీలు. క్లాసులో సగం మందిని ముఖాముఖి అడిగి, మిగతా సగం మందికి పెట్టెలు పెట్టి, రెండు అంకెలూ బోర్డు మీద రాస్తే, ఎదుటి మనిషికి నచ్చేలా జవాబు చెప్పడమనే దోషం అంటే ఏమిటో పాఠ్యపుస్తకం తెరవకుండానే అర్థమవుతుంది. కాలేజీ ఎథిక్స్ కమిటీ లేని చోట, దగ్గరలోని మెడికల్ కాలేజీ లేదా యూనివర్సిటీ కమిటీ అనుమతి తెచ్చుకోవడం కూడా విద్యార్థుల చేతే చేయించాలి. అదీ శిక్షణే.

నిర్మల ఒకరి ద్వారా మరొకరిని చేరుకున్న దారి కూడా తర్వాత శాస్త్రంగా మారింది. జాబితా లేని, దాక్కుని బతికే సముదాయాల నుంచి నమూనా తీసుకోవడానికి సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ హెకథార్న్ 1997లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. ముందు కొద్దిమందితో మొదలుపెట్టి, వాళ్లకు లెక్కగా కూపన్లు ఇచ్చి, తమకు తెలిసినవాళ్లను వాళ్లే తీసుకొచ్చేలా చేయడం, ఎవరికి ఎంతమంది తెలుసన్న దాన్నిబట్టి లెక్క సరిచేయడం. రాజమండ్రిలో సెక్స్‌వర్కర్ల సర్వేకు వాడింది ఇదే. మూడో ఏడాదికి వచ్చేసరికి విద్యార్థికి ఈ స్థాయి లెక్క పరిచయం చేయొచ్చు. ఉచితంగా దొరికే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటాతో జిల్లాల మధ్య పోలిక చేయించొచ్చు. ఎక్సెల్ వచ్చిన పిల్లలు దీన్ని ఇష్టంగా చేస్తారు.

ఫీల్డులో అసలు గురువులు వేరే ఉన్నారని కూడా చెప్పాలి. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తూ తోటివాళ్లకు విషయాలు నేర్పే పీర్ ఎడ్యుకేటర్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఘాలైన పాజిటివ్ నెట్‌వర్కుల్లో ఏళ్లుగా పనిచేస్తున్న స్త్రీలు, ఐసీటీసీ కౌన్సిలర్లు. తమ గురించి జరిగే నిర్ణయాల్లో తాము ఉండాలని ఎయిడ్స్‌తో జీవిస్తున్నవారు 1983లో అమెరికాలోని డెన్వర్‌లో ప్రకటించారు. 1994లో పారిస్ సదస్సులో 42 దేశాలు ఆ సూత్రాన్ని ఒప్పుకున్నాయి. తరగతికి అతిథి ఉపన్యాసానికి ప్రొఫెసర్‌ను పిలిచినట్టే పీర్ ఎడ్యుకేటర్‌ను పిలిచి, అదే గౌరవ వేతనం ఇచ్చి, అదే కుర్చీలో కూర్చోబెట్టాలి. ప్రశ్నాపత్రం ముందు ఆమెకు చూపించాలి. "ఇలా అడిగితే ఎవరూ చెప్పరమ్మా" అని ఆమె కొట్టేసిన ప్రశ్నను మళ్లీ పెట్టకూడదు.

విన్నది మోయడం గురించి ఎవరూ మాట్లాడరు. పందొమ్మిదేళ్ల పిల్ల, భర్త పోయాక అత్తింటివాళ్లు గెంటేసిన స్త్రీ కథను ఒక ఇంటర్వ్యూ రికార్డింగులో వింటుంది. ఆ రాత్రి అన్నం సయించదు. మర్నాడు క్లాసుకు వచ్చి మామూలుగా కూర్చుంటుంది. వారానికి ఒకసారి అరగంట, మార్కులతో సంబంధం లేకుండా, "ఈ వారం ఏం విన్నావు, ఏం అనిపించింది?" అని అడిగే మనిషి కావాలి. సమాధానంగా సలహా ఇవ్వక్కర్లేదు, వింటే చాలు. విద్యార్థి ఇంట్లోనే ఎవరికైనా హెచ్‌ఐవీ ఉండవచ్చని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ సంగతి చెప్పమని ఎవరూ ఒత్తిడి చేయకూడదు. 'అనుభవం ఉన్న విద్యార్థి' అని నలుగురిలో పరిచయం చేయడం సహాయం అనిపించుకోదు.

చివరికి వచ్చే ప్రశ్న, "దీనివల్ల ఉద్యోగం వస్తుందా సార్?" నిజం చెప్పాలి. ఎంఎస్‌డబ్ల్యూ, సైకాలజీ, సోషియాలజీ చేసినవాళ్లకు కౌన్సిలర్ ఉద్యోగాలున్నాయి. స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ మేనేజర్, మానిటరింగ్ పోస్టులున్నాయి. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థల్లో ఎక్కువ భాగం కాంట్రాక్టు పనే, జీతాలు పెద్దవేమీ కావు. పరిశోధన వైపు వెళ్లాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్, పుణెలోని ఐసీఎంఆర్ ఎయిడ్స్ పరిశోధన సంస్థ ఉన్నాయి. విదేశీ దారి కూడా మునుపటిలా లేదు. 2025లో అమెరికాలో ఎన్‌ఐహెచ్ వందల గ్రాంట్లను మధ్యలో ఆపేసింది. వాటిలో హెచ్‌ఐవీ సామాజిక పరిశోధనలు, డిగ్రీ విద్యార్థుల శిక్షణ కార్యక్రమాలు కూడా ఉన్నాయి. ఒకే సబ్జెక్టుకు జీవితం కట్టేయమని విద్యార్థికి చెప్పడం న్యాయం కాదు. అయితే ఇక్కడ నేర్చుకున్నది ఇక్కడితో ఆగదు. చెప్పుకోలేని విషయం గురించి మర్యాదగా అడగడం, జాబితా లేని జనాన్ని లెక్కించడం, రహస్యాన్ని కాపాడటం వచ్చినవాళ్లకు టీబీ, మానసిక ఆరోగ్యం, గృహహింస, మద్యపానం వంటి ఎన్నో రంగాల్లో పనుంది. మెంటర్ చేయగల పెద్ద సాయం డిగ్రీ అయిపోయిన తర్వాతి ఆరు నెలల్లో ఉంటుంది. ఎంట్రన్సుకు దరఖాస్తు చూడటం, సిఫారసు లేఖ రాయడం, పూర్వ విద్యార్థి ఒకరి నంబరు ఇచ్చి 'మాట్లాడు' అనడం. ఎక్కువమంది జారిపోయేది ఆ ఆరు నెలల్లోనే.

పేరు సంగతి కూడా చిన్నది కాదు. తమిళనాడు ఫలితాలు 1987లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చినప్పుడు రచయితల వరుసలో నిర్మల పేరు నాలుగోది. విద్యార్థులు సేకరించిన డేటాతో లెక్చరర్ పేపర్ వేస్తే వాళ్ల పేర్లు ఎక్కడుంటాయో పని మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసుకోవాలి.

ప్రాజెక్ట్ 180 గంటల్లో చివరి పది గంటలు ఒక పనికి దాచుకోవాలి. సర్వే చేసిన వార్డుకు, హాస్టల్‌కు, క్లాసుకు తిరిగి వెళ్లి, మీరు చెప్పినవాటి నుంచి మాకు తెలిసింది ఇది అని తెలుగులో చదివి వినిపించాలి. "అది అలా కాదు" అని ఎవరైనా అంటే రాసుకుని రిపోర్టులో చేర్చాలి. విజిలెన్స్ హోమ్‌లో నిర్మలకు రక్తం ఇచ్చిన స్త్రీలు అది సుఖవ్యాధుల పరీక్ష అనే అనుకున్నారు. ఎయిడ్స్ కోసమని వాళ్లకు చెప్పలేదు. చెప్పినా అదేమిటో అర్థమయ్యేది కాదని ఆనాటి ఆలోచన.